అప్‌డేట్: మాల్దీవులా, మారిషస్సా? తేలిపోయింది

25వ పెళ్లిరోజుకు మొదటిసారి ఉష్ణమండల ద్వీపానికి వెళ్దామనుకుంటున్నాం, మాల్దీవులు మంచివా మారిషస్ మంచిదా అని అడిగాను కదా. మారిషస్ ఖాయం చేశాం. అక్టోబరులో ప్రయాణం.

తేల్చింది ఫొటోలు కాదు, మా స్వభావాలు. మాల్దీవుల్లో సాధారణంగా ఒక్కో రిసార్టుకు ఒక్కో చిన్న దీవి. మావారు రోజంతా నీళ్లను చూస్తూ కూర్చోగలరు. నాకు రెండో రోజుకే కాళ్లు ఊరుకోవు. మారిషస్‌లో ఆయనకు పగడపు దిబ్బల చాటున అలల్లేని నీళ్లు దొరుకుతాయి. నాకేమో బ్లాక్ రివర్ గోర్జెస్ అడవి బాటలు, షమరెల్ రంగుల నేల, 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ల మోర్న్ కొండ. పైగా మాకు కుదిరిన విమానం మాల్దీవుల రాజధాని మాలేకు చేరేది రాత్రి. అక్కణ్నుంచి రిసార్టు దీవికి తీసుకెళ్లే సీప్లేన్లు (నీళ్లమీద దిగే చిన్న విమానాలు) పగలే ఎగురుతాయి కాబట్టి మొదటి రాత్రి దారిలోనే గడిచిపోయేది.

పెళ్లిరోజు ఫిబ్రవరిలో. కానీ మారిషస్‌కు జనవరి నుంచి మార్చి వరకు తుఫానుల బెడద ఎక్కువ. తేదీ కోసం పట్టుబట్టి గదిలో కూర్చుని కిటికీలోంచి వాన చూడటం నా వల్ల కాదు. హోటలు కూడా పడమటి తీరంలోనే తీసుకున్నాం. ఆగ్నేయం నుంచి వీచే గాలి తూర్పు తీరానికే ఎక్కువ తగులుతుందని చెప్పినవారికి ప్రత్యేక ధన్యవాదాలు.

తేలనిది కారు సంగతి. ఆయన డ్రైవరును పెట్టుకుందామంటున్నారు, నేను నడుపుతానంటున్నాను. చర్చ సాగుతోంది.