అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్లు ఎక్కాయి

అప్‌డేట్లు డౌన్‌లోడ్ దగ్గరే ఆగిపోతున్నాయని, బ్రౌజర్ ఏవేవో పేజీలు తెరుస్తోందని పోయిన వారం అడిగాను కదా, రెండింటికీ కారణం మాల్వేరే (కంప్యూటర్‌కి హాని చేసే ప్రోగ్రామ్). మీరన్నట్టే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ పూర్తిగా మొదలవకముందే చేసేది) పెడితే రెండు మాల్వేర్‌లు దొరికాయి, తీసేశాను, అయినా అదే ఎర్రర్. చాలా టెన్షన్ పడ్డాను. చివరికి హోస్ట్స్ ఫైల్ (ఏ సైట్ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో రాసి ఉండే విండోస్ ఫైల్) తెరిచి చూస్తే అప్‌డేట్ సర్వర్ల పేర్లన్నీ 127.0.0.1కి (ఈ కంప్యూటర్ సొంత అడ్రస్‌కే) మళ్లించి ఉన్నాయి, అంటే రిక్వెస్ట్ అసలు కంప్యూటర్ దాటి బయటికే పోవట్లేదు! స్కాన్ మాల్వేర్‌ని తీసేసినా అది మార్చిన సెట్టింగులు అలాగే మిగిలిపోవచ్చు, ఇది తప్పకుండా చూసుకోండి. ఆ లైన్లు చెరిపి, అప్‌డేట్ సర్వీస్ ఆపి డౌన్‌లోడ్ అయిన అప్‌డేట్లు ఉండే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ కమాండ్లు నడిపి రీస్టార్ట్ చేశాక అన్నీ ఎక్కాయి. మాల్వేర్ పాస్‌వర్డులు దొంగిలించి ఉండొచ్చని, వాటిని మాత్రం ఫోన్‌లోంచే మార్చాను. అందరికీ చాలా థాంక్స్.