షుగర్, బీపీ పేషెంట్లు మధ్యలో మానేయకుండా చిన్న క్లినిక్‌లో ఏం చేయొచ్చు?

ప్రశ్న (జనరల్ ప్రాక్టీస్, కావలి దగ్గర):
డాక్టర్ ఒక్కరు, అసిస్టెంట్ అమ్మాయి ఒకరు, కంప్యూటర్ లేదు. షుగర్, బీపీ వాళ్ళు రెండు నెలలు వరసగా వస్తారు, ఆపైన కనిపించరు. అడిగితే "బాగానే ఉండాను గదా" అంటారు. కొందరు నెల్లూరుకో చెన్నైకో పోయి మాత్రలు మార్చుకొస్తారు, చీటీ తేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఫ్యామిలీ ఫిజీషియన్, ఒంగోలు):
రిజిస్టర్ ఒక్కటే చాలదు సార్. అందులో వచ్చినవాళ్ళు తెలుస్తారు, రానివాళ్ళు తెలియరు. మనిషికో అట్టకార్డు, ఒక పెట్టె, నెలకొకటి చొప్పున 12 అరలు. పంపేటప్పుడు మళ్ళీ రావాల్సిన నెల అరలో కార్డు పెట్టండి. వచ్చినప్పుడు తీసి, మళ్ళీ రావాల్సిన నెల అరకు మార్చండి. నెలాఖరుకు అరలో మిగిలినవాళ్ళకు ఫోన్ చేయించండి. ఇబ్బందల్లా నంబర్లతోనే: పెద్దవాళ్ళు బెంగళూరులో ఉన్న కొడుకు నంబరిస్తారు. ఇంట్లో ఉండేవాళ్ళదీ రాయించుకోండి. ఫోన్ వేరేవాళ్ళు తీస్తే జబ్బు సంగతి చెప్పకూడదని అమ్మాయికి ముందే చెప్పండి.

జవాబు (ఫిజీషియన్, నెల్లూరు):
మాత్రలు మార్చుకొచ్చేవాళ్ళలో నాకు ఎక్కువ భయం డబుల్ డోసు గురించే. పాత స్ట్రిప్పులో బీపీ మందు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు, కొత్తదాంట్లో అదే టెల్మిసార్టాన్, ఇంకో బీపీ మందు ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర. పేరు వేరు, రంగు వేరు కాబట్టి రెండూ మింగుతారు. షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ ఇలా రెట్టింపయితే షుగర్ పడిపోతుంది, కిడ్నీ దెబ్బతిన్న ముసలివాళ్ళు త్వరగా తేరుకోరు. ప్రతిసారీ స్ట్రిప్పులన్నీ తెమ్మనండి, 104 బండి దగ్గర తీసుకున్నవి కూడా. బల్ల మీద పోయించి, ఆపేసినవి అక్కడే పక్కకు తీయండి. కార్డులో కంపెనీ పేరు కాదు, మందు పేరు, మిల్లీగ్రాములు రాయండి.

మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో వేయించుకునే డైక్లోఫెనాక్ సూది గురించి విడిగా అడగాలి, వాళ్ళు దాన్ని మందుల లెక్కలో చెప్పరు. టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర వాడేవాళ్ళకు పైన ఈ సూది కూడా పడితే కిడ్నీ దెబ్బతినొచ్చు. టెల్మిసార్టాన్ మొదలుపెట్టినా, డోసు పెంచినా రెండు వారాల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), పొటాషియం చూడండి.

జవాబు (పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్):
బీపీ చూసే పద్ధతి కూడా సరిచేసుకోవాలి. బస్సు దిగి వచ్చినవాళ్ళకు వెంటనే కఫ్ (బీపీ చూసేందుకు చేతికి చుట్టే పట్టీ) కట్టొద్దు. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే రీడింగ్ ఎక్కువ వస్తుంది, అక్కర్లేని రెండో మాత్ర పడుతుంది. మూణ్ణెల్లకోసారి 20 కార్డులు తీసి చూడండి: 140/90 లోపు ఎందరు, ఏడాదిలో క్రియాటినిన్, కళ్ళు, పాదాలు ఎందరికి చూశారు.

ప్రశ్న అడిగినవారు:
పాతవాళ్ళందరికీ కార్డులు ఒకేసారి రాయాలా?

జవాబు (ఫ్యామిలీ ఫిజీషియన్, ఒంగోలు):
వద్దు సార్, వారంలో ఆగిపోతుంది. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు, క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు ముందు రాయండి. మిగతావాళ్ళకు వచ్చినప్పుడు రాస్తే చాలు.