టెక్సస్ ఆస్టిన్‌లో వింత చోట్లు ఏమున్నాయి? గబ్బిలాలు ఒక్కటీ రాలేదు

కృష్ణ_లీండర్:
నాలుగు గంటల నుంచి వెతుకుతున్నాను, విసుగొచ్చేసింది. "ఆస్టిన్ వింతలు" అని ఏ లిస్టు తీసినా అవే పది పేర్లు, అవే ఫొటోలు. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి అన్నది ఒక్కరూ రాయరు. నిన్న సాయంత్రం వంతెన మీద రెండు గంటలు నిలబడ్డాం. పదిహేను లక్షల గబ్బిలాలన్నారు, పదిహేను కూడా రాలేదు. ఈ వారం ఒక్క రోజు చేతిలో ఉంది. మాల్స్, ఔట్‌లెట్లు వద్దు. ఇంకో ఊళ్ళో దొరకనిది చెప్పండి. ఇంతకీ గబ్బిలాలు ఉన్నాయా, వెళ్ళిపోయాయా?

గట్టుమీద:
ఏ వంతెన?

కృష్ణ_లీండర్:
నది మీద వంతెనే అండి, గబ్బిలాల వంతెన. ఏడు నుంచి తొమ్మిది దాకా ఉన్నాం. జనం కూడా బాగానే తిరుగుతున్నారు.

గట్టుమీద:
కార్లు పోతున్నాయా దాని మీద?

కృష్ణ_లీండర్:
లేదు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు.

గట్టుమీద:
అది లామార్ రోడ్డు వంతెన పక్కనున్న ఫ్లూగర్ వంతెన. గబ్బిలాలది కాంగ్రెస్ అవెన్యూ వంతెన. మైలు దూరం, తూర్పుకి.

సంధ్యారాగం:
కృష్ణ గారూ, నెల మాత్రం సరిగ్గా కుదిరింది మీకు, వదులుకోకండి. ఇవి మార్చిలో మెక్సికో నుంచి వస్తాయి, చాలావరకు ఆడవే. జూన్‌లో తల్లికి ఒక్క పిల్ల. ఆ పిల్లలు ఎగరడం నేర్చి తల్లులతో కలిసి బయటికొచ్చేది జులై చివర, ఆగస్టులో. అందుకే ఇప్పుడు గుంపు అన్నిటికంటే పెద్దది. చలికాలం ముందు చాలావరకు తిరిగి దక్షిణానికి వెళ్ళిపోతాయి.

వంతెనని 1980లో తిరిగి కట్టినప్పుడు అడుగున కాంక్రీటు దూలాల మధ్య సందులు వదిలారు. వెడల్పు అంగుళం అటూ ఇటూ, లోతు 16 అంగుళాలు, అంటే మూరకి కాస్త తక్కువ. పగటి వేడి అందులో నిలిచిపోతుంది, పిల్లల్ని పెంచడానికి అంతకంటే మంచి చోటు వాటికి దొరకదు. మొదట్లో ఊరంతా భయపడి తరిమేయమన్నారు. గబ్బిలాల శాస్త్రవేత్త మెర్లిన్ టటిల్ 1986లో ఇక్కడికి మకాం మార్చి, అవి రాత్రికి ఎన్ని పురుగుల్ని తింటాయో చెప్పి చెప్పి జనం మనసు మార్చాడు.

ఇక ఎక్కడ నిలబడాలన్నది. అవి వంతెన కింద నుంచి దిగి నీళ్ళ వెంబడి తూర్పుకి పోతాయి. కాబట్టి తూర్పువైపు ఫుట్‌పాత్ మీద, రెయిలింగ్‌కి ఆనుకుని ఉండాలి. పడమటి ఫుట్‌పాత్ మీద నిలబడితే మీ వీపు వెనక జరిగిపోతుంది, మీకు తెలియనే తెలియదు. దక్షిణపు గట్టు మీద పచ్చిక వాలు ఉంది, అక్కణ్ణుంచి ఆకాశం ముందు గుంపు బాగా కనిపిస్తుంది. వంతెన అడుగుకి మాత్రం పోకండి, పైనుంచి చినుకులు పడతాయి, అవి వాన చినుకులు కావు.

ఆగస్టు మొదటి వారంలో పొద్దు గూకేది సుమారు 8:20కి. 7:30కల్లా చోటు పట్టుకోండి, 9 దాకా కదలకండి. వానల్లేక ఎండిపోయిన రోజుల్లో ఆకలికి తొందరగా, వెలుతురుండగానే వస్తాయి. మంచి వాన పడ్డాక పురుగులు బాగా దొరుకుతాయి కనక చీకటి పడ్డాక తీరిగ్గా వస్తాయి, అప్పుడు కంటికి కనపడేది తక్కువ. ముందు సందుల్లోంచి కిచకిచలు ఎక్కువవుతాయి, ఘాటైన వాసన గుప్పుమంటుంది. తర్వాత ఒకటీ అరా రాయి జారినట్టు కిందికి పడి, నీళ్ళకి కాస్త పైన రెక్క విప్పుతాయి. అది చూశారంటే కెమెరా సిద్ధం చేసుకోండి, నిమిషాల్లో పొగ తీగ సాగినట్టు మొదలవుతుంది. ఫ్లాష్ ఆపేయండి. అంత దూరానికి ఫ్లాష్ పనికిరాదు, దగ్గరగా వేస్తే వాటికి ఇబ్బంది.

డాక్టరమ్మ_78:
కింద పడి కదలకుండా ఉన్న గబ్బిలాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ముఖ్యంగా పిల్లలు. పగలు నేల మీద దొరికిందంటే దానికి జబ్బు ఉండొచ్చు. రేబిస్ అన్న అనుమానంతోనే మెలగాలి. పన్ను గుచ్చుకున్న గుర్తు కూడా కనపడదు కొన్నిసార్లు. చెయ్యి తగిలితే సబ్బుతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, "ఏం కాలేదులే" అని ఊరుకోకూడదు. పైన ఎగిరేవాటితో భయం లేదు.

నీటిపారుదల:
అందరూ మాటిమాటికీ నది అంటున్నారు. అది లేడీ బర్డ్ లేక్. 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టడంతో ఏర్పడింది. పాత పేరు టౌన్ లేక్, 2007లో మార్చారు. మ్యాపులో "నది" అని వెతికితే ఎక్కడికో తీసుకెళ్తుంది, అసలు తికమక అక్కడే మొదలైంది.

గట్టుమీద:
నదే అది. కొలరాడో. ధవళేశ్వరం ఆనకట్ట వెనకున్నదాన్ని చెరువంటామా? గోదావరే అంటాం.

నీటిపారుదల:
ధవళేశ్వరం వెనక గోదావరి ప్రవాహం మీద బ్యారేజీ. ఇక్కడ నీటిమట్టాన్ని ఇంచుమించు ఒకే తీరున నిలిపి ఉంచుతారు, అందుకే గట్టు వెంట కాలిబాట వేయగలిగారు. జలాశయం అనడం సబబు. ఇంకో మాట, గ్రాండ్ కాన్యన్‌లో ఉన్న కొలరాడో వేరు, ఇది వేరు. ఇది టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలుస్తుంది.

గట్టుమీద:
పేరు మారిస్తే నీళ్ళు మారవు.

నీటిపారుదల:
మారవు. కానీ అందులో ఈత నిషేధం, 1964 నుంచి. "నదే కదా" అని దిగేవాళ్ళు ఉన్నారు, అందుకే చెప్తున్నాను. పడవ వేసుకోవచ్చు. ఈతకి బార్టన్ స్ప్రింగ్స్ ఉంది, ఊటనీళ్ళు, ఏడాది పొడుగునా 20 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే. ఈ ఎండల్లో దిగగానే ఒళ్ళు జివ్వుమంటుంది. అడుగున నాచు జారుతుంది, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని దిగాలి.

కృష్ణ_లీండర్:
నదో చెరువో మీరు తేల్చుకోండి, నాకు చోట్లు చెప్పండి ప్లీజ్. లిస్టుల్లో కేథడ్రల్ ఆఫ్ జంక్ అని ఒకటుంది. చర్చి అయితే మా అమ్మ లోపలికి రానంటుంది.

తుక్కురాముడు:
చర్చి కాదన్నా. దక్షిణ ఆస్టిన్‌లో ఒకాయన ఇంటి పెరడు. విన్స్ హానెమన్ అని, 1980ల చివర్నుంచి పాత సామానుతో పేర్చుకుంటూ వచ్చాడు. సైకిల్ చక్రాలు, కారు బంపర్లు, వంటింటి గిన్నెలు, నిచ్చెనలు, సీసాలు, కేబుళ్ళు, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కమానుల్లా లేచి గదులయ్యాయి. 60 టన్నులుంటుందని అంచనా. 2010లో నగర కార్పొరేషన్ భద్రత లేదని పట్టుబడితే కొంత భాగం విప్పేసి, అనుమతులు తెచ్చుకుని నిలబెట్టాడు.

ముందు ఫోన్ చేసి టైము తీసుకోవాలి, ఇదే ముఖ్యం. చెప్పకుండా వెళ్ళి గేటు కొట్టొద్దు, చుట్టూ సంసారులుండే వీధి, పార్కింగ్ కూడా పొరుగువాళ్ళ వాకిలికి అడ్డం రాకుండా చూసుకోవాలి. విరాళం నగదుగా పట్టుకెళ్ళండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, ఇనుప ముక్కలు పైకి వచ్చి ఉంటాయి. ఎండ ఏటవాలుగా పడే వేళ బాగుంటుంది, సీసాల రంగులు నేల మీద పడతాయి. మిట్టమధ్యాహ్నం ఆ ఇనుమంతా సెగ కక్కుతుంది.

అక్షరం:
చాలామంది దీన్ని "చెత్త గుడి" అని రాస్తున్నారు, బాధేస్తుంది. జంక్ అంటే చెత్త కాదు, తుక్కు. చెత్త పారేసేది, తుక్కు తూకానికి అమ్ముకునేది, మళ్ళీ వాడుకునేది. ఆయన చేసిందంతా ఆ తేడాలోనే ఉంది. తుక్కు కోట అనండి.

తుక్కురాముడు:
కేథడ్రల్‌ని కోట ఎట్లా అంటామండి? గుడి అనాలి.

అక్షరం:
దేవుడు లేనిదాన్ని గుడి అనలేం.

గట్టుమీద:
కృష్ణ గారూ, అమ్మగారు కూడా వస్తున్నారా? వయసెంత, నడవగలరా? అది ముందే చెప్పాలి.

కృష్ణ_లీండర్:
అమ్మా నాన్నా ఇద్దరూ. కాకినాడ నుంచి వచ్చారు. అమ్మకి మోకాళ్ళు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు, పది నిమిషాలకి మించి నిలబడలేదు. నాకు సెలవు గురువారం ఒక్కటే.

గట్టుమీద:
గురువారం బార్టన్ స్ప్రింగ్స్ పగలంతా మూత. శుభ్రం చేసే రోజు.

సంధ్యారాగం:
అయితే లిస్టుల్లో కనిపించే మౌంట్ బానెల్ గుట్ట కూడా తీసేయండి, వందకి పైగా మెట్లు. వంతెన దగ్గరికి మడత కుర్చీ పట్టుకెళ్ళండి, పచ్చిక వాలు మీద వేసుకోవచ్చు. ఫుట్‌పాత్ ఇరుకు, కుర్చీ వేస్తే దారికి అడ్డమవుతుంది. అమ్మగారికి గట్టే మేలు.

దీపస్తంభం:
పగటిపూటకి కాపిటల్, అంటే టెక్సస్ శాసనసభ భవనం పెట్టుకోండి. లిస్టుల్లో ఉన్నదే అయినా లోపల ఎవరూ తల తిప్పి చూడనివి ఉన్నాయి. ప్రవేశం ఉచితం, లిఫ్టులున్నాయి, వీల్‌చెయిర్ పోతుంది. సందర్శకుల గ్యారేజీ శాన్ జసింటో వీధిలో, 12, 13 వీధుల మధ్య. మొదటి రెండు గంటలు డబ్బు తీసుకోరు.

1888 నాటి కట్టడం, ఎర్ర గ్రానైటు, వాషింగ్టన్‌లోని కాపిటల్ కంటే కాస్త ఎత్తు. గుమ్మటం కింద సరిగ్గా మధ్యన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే మీ మాట మీకే తిరిగొస్తుంది, పక్కకి రెండడుగులు జరిగితే ఉండదు. పైన కనిపించే నక్షత్రం అరచేయంత అనిపిస్తుంది, నిజానికి 8 అడుగులు. పాత తలుపుల దగ్గర వంగి బందుల వంక చూడండి, ఇత్తడి బందుల మీద "టెక్సస్ కాపిటల్" అని చెక్కి ఉంటుంది. తలుపు బందుల దాకా పేరు వేయించుకున్న కట్టడం అది. ఉత్తరాన నేల కింద 1993లో కట్టిన అంతస్తులున్నాయి, మధ్యలో పైకప్పు లేని గుండ్రటి బావిలాంటి ఆవరణ. చాలామంది దాని దాకా వెళ్ళరు. కాపిటల్ ప్రాంగణంలోనే ఆగ్నేయ మూలన ఉన్న పాత భూముల కార్యాలయం ఇప్పుడు సందర్శకుల కేంద్రం. కథలు రాసిన ఓ. హెన్రీ అందులో నక్షాలు గీసే గుమాస్తాగా పనిచేశాడు.

చీకటి పడ్డాక మూన్‌లైట్ టవర్లు. 1894-95లో 31 ఎత్తారు, 165 అడుగుల ఇనుప స్తంభాలు, వీధి దీపాలకి బదులు పేటకంతటికీ ఒక్క దీపగుచ్ఛం. మొదట కార్బన్ ఆర్క్ దీపాలుండేవి. ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదు, ఇక్కడ కొన్ని ఇంకా వెలుగుతున్నాయి. కారు దిగక్కర్లేదు: 9వ వీధి, గ్వాడలూప్ మూల ఒకటి, 12వ వీధి, రియో గ్రాండె మూల ఇంకొకటి. సన్నగా ఉంటుంది కాబట్టి పగలు ఏదో సెల్ టవర్ అనుకుని దాటిపోతారు. స్తంభం అడుగున బందోబస్తుగా ఏమీ ఉండదు, నేల దగ్గర ఇరుసు మీద నిలబెట్టినట్టు సన్నబడిపోతుంది, పైన తీగలే లాగి పట్టుకుంటాయి. అది దగ్గరికెళ్ళి చూడాల్సిందే.

నీటిపారుదల:
రైలు మంచిది కదా? లేక్‌లైన్‌లో కారు పెట్టి రెడ్ లైన్ ఎక్కితే గంటలోపే డౌన్‌టౌన్.

గట్టుమీద:
మోకాళ్ళ నొప్పితో స్టేషన్ నుంచి వంతెన దాకా నడిపిస్తారా? పైగా గబ్బిలాలయ్యేసరికి తొమ్మిది. చివరి బండి టైము చూసుకోకపోతే ఇరుక్కుంటారు. కారే.

అక్షరం:
రాన్సమ్ సెంటర్ మ్యూజియం ఎవరూ చెప్పలేదేం? యూనివర్సిటీలో, 21వ వీధి, గ్వాడలూప్ దగ్గర. ఉచితం. సోమవారం మూత, గురువారం తెరిచే ఉంటుంది. యూరప్‌లో కదిలే అచ్చులతో వేసిన మొదటి పెద్ద పుస్తకం, గుటెన్‌బర్గ్ బైబిల్, ఒక ప్రతి ఉంది. దాని కంటే చూడాల్సింది, ఫ్రాన్స్‌కి చెందిన నియెప్స్ 1826-27 ప్రాంతంలో తీసిన ఫొటో, కెమెరాతో తీసి నిలిచిన వాటిలో అన్నిటికంటే పాతది. చీకటి గదిలాంటి అరలో పెట్టారు. ఎదురుగా నిలబడితే మసిబారిన తగరపు పళ్ళెంలా ఉంటుంది, "ఏముంది ఇందులో" అని వెళ్ళిపోతారు. ఒక పక్కకి జరిగి, తల కాస్త వంచి, ఏటవాలుగా చూడండి. ఇళ్ళ కప్పులు మెల్లగా తేలతాయి. మ్యూజియమే, అయినా పెద్దవాళ్ళకి చల్లగా కూర్చోవడానికి చోటు.

తుక్కురాముడు:
ట్రీటీ ఓక్ కూడా చూపించండి, బేలర్ వీధిలో, కారు పక్కనే. 500 ఏళ్ళ చెట్టని చెప్తారు. 1989లో ఒకడు కలుపుమందు పోసి చంపబోయాడు, జైలుకెళ్ళాడు. మట్టి మార్చి, ఎండ తగలకుండా తెరలు కట్టి, ఊటనీళ్ళు చల్లి బతికించారు. మూడో వంతే మిగిలింది. కొమ్మలు ఒకవైపే ఎందుకున్నాయని అడిగితే అదీ కారణం. 1997లో మళ్ళీ కాయలు కాసింది.

డాక్టరమ్మ_78:
మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా పెద్దవాళ్ళని ఎండలో తిప్పొద్దు. మనిషికి రెండు సీసాల నీళ్ళు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త.

కృష్ణ_లీండర్:
థాంక్సండీ అందరికీ. పొద్దున కాపిటల్, మధ్యాహ్నం రాన్సమ్, సాయంత్రం గట్టు మీద కుర్చీలు. తుక్కాయనకి ఫోన్ చేశాను, ఎత్తలేదు.

తుక్కురాముడు:
మళ్ళీ చెయ్యండి. ఎత్తకపోతే మాత్రం వెళ్ళొద్దు.

వేమవరం:
జిల్కర్ పార్కులో టవర్‌కి డిసెంబరులో దీపాల చెట్టు కడతారు కదా, ఈసారి ఏ తారీఖు నుంచి? ఎవరికైనా తెలుసా?