ముసలి కోతుల్లో మొక్కల ఈస్ట్రోజెన్ పనిచేస్తే, మన మెనోపాజ్‌కీ పనిచేసినట్టేనా?

వనజ
థాయ్‌లాండ్‌లో దొరికే ప్యూరేరియా మిరిఫికా తీగ దుంపలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలుంటాయి. ఆ దుంపపొడిని, నెలసరి ఆగిపోయిన పొడవుతోక మకాక్ కోతులకు పెట్టి చూశారు. అండాశయాన్ని పనిచెయ్యమని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్లు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గాయి. పెద్ద మోతాదు తిన్నవాటికి పిరుదుల దగ్గరి చర్మం మళ్లీ ఎర్రబడింది. ఒంట్లో ఈస్ట్రోజెన్ తిరుగుతుంటే కనబడే రంగు అది. ఎలుకల్లో ఫలితమంటే పక్కన పెడతాం, సరే. ఇవి మనలాగే దాదాపు 28 రోజులకోసారి బహిష్టయ్యి, పాతికేళ్ల వయసుకి నెలసరి ఆగిపోయే జంతువులు. మొక్కల ఈస్ట్రోజెన్ మన మెనోపాజ్‌కి పనిచేస్తుందనడానికి ఇంకా "ఆధారం లేదు" అనడం మొండితనం కాదా?

రఘురాం
వనజగారూ, అండాశయం అలసిపోయాక పిట్యూటరీ గ్రంథి గొంతు పెంచుతుంది, అందుకే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. దుంపపొడి తిన్నాక అది తగ్గిందంటే, ఈస్ట్రోజెన్ వచ్చిందని పిట్యూటరీ నమ్మిందన్నమాట. అంతవరకే. దాన్ని చూసి, మెనోపాజ్ తర్వాత అరిగే ఎముక కూడా గట్టిపడిందని చంకలు గుద్దుకుంటే ఎలా? అండాశయాలు తీసేసిన మకాక్‌లకు సోయాలోని మొక్కల ఈస్ట్రోజెన్లు, అంటే ఐసోఫ్లేవోన్లు, పెట్టినా ఎముక అరుగుదల ఆగలేదు. పక్కనే ఈస్ట్రోజెన్ మందు ఇచ్చిన గుంపులో ఆగింది.

వనజ
సోయానీ దీన్నీ ఒకే గాటన కట్టేశారు. సోయాలో ఉండేది జెనిస్టీన్, డైడ్జీన్. ఈ దుంపలో వాటితోపాటు మిరోఎస్ట్రాల్, డీఆక్సీమిరోఎస్ట్రాల్ ఉంటాయి, వాటి బలం చాలా ఎక్కువ. ఎముక సంగతికొస్తే, ఆపరేషన్ లేకుండా వయసుతోనే నెలసరి ఆగిన కోతులకు ఏడాదికి పైగా ఈ పొడి పెడితే, ఎముక పైపొర నష్టం తగ్గిందని 2016లో ప్రచురించారు.

చింతామణి
అంత బలమే ఉంటే నా భయం ఇంకా ఎక్కువండీ. పిట్యూటరీకీ చర్మానికీ ఎముకకీ తగిలిన మందు గర్భాశయం లోపొరకి మాత్రం తగలదని ఎందుకనుకోవాలి? నెలసరి వస్తున్న ఆడ కోతులకు ఇదే పొడి రోజూ పెద్ద మోతాదులో ఇస్తే నెలసరే ఆగిపోయింది. గర్భాశయం ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకుండా డాక్టర్లు ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపి ఇచ్చేది ఆ లోపొర అదుపు తప్పకూడదనే. దుంపపొడి డబ్బా మీద ఆ ముక్క ఎవరు రాస్తారు?

రఘురాం
ఇంకో తిరకాసు ఉంది. డైడ్జీన్‌ని పేగులోని బ్యాక్టీరియా ఈక్వాల్ అనే, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే ఇంకో పదార్థంగా మారుస్తుంది. మకాక్‌లలో దాదాపు అన్నిటికీ ఈ మార్పు జరుగుతుంది, మనుషుల్లో మూడోవంతు నుంచి సగం మందికే. తిన్నది ఒకటే అయినా ఒంట్లో తిరిగేది ఒకటే కాదు. కోతిలో వచ్చిన సోయా ఫలితాన్ని మనిషికి అంటించే ముందు ఆ మనిషి ఏ కోవలోదో తెలియాలి.

నైమిశ
ఎప్పుడు మొదలెట్టారన్నది ఎవరూ ఎత్తలేదేం? అమెరికాలోని వేక్ ఫారెస్ట్‌లో క్లార్క్‌సన్ బృందం అండాశయాలు తీసిన వెంటనే కోతులకు ఈస్ట్రోజెన్ ఇస్తే గుండె ధమనుల్లో కొవ్వు పేరుకోవడం బాగా తగ్గింది. రెండేళ్లు ఆగి ఇస్తే లాభం కనబడలేదు. కోతికి రెండేళ్లంటే మనకు ఆరేళ్లు. 2002లో స్త్రీల మీద ఆపేసిన పెద్ద హార్మోన్ పరీక్షలో సగటు వయసు 63, అంటే చాలామంది మెనోపాజ్ అయిన ఎన్నో ఏళ్లకి మొదలెట్టినవాళ్లే. అది ఎందుకు బెడిసికొట్టిందో చెప్పేవాళ్లు ఈ కోతుల్నే చూపిస్తారు. అందుకని కోతి సాక్ష్యం పనికిరాదని రఘురాం గారు కొట్టేస్తే నేనొప్పుకోను.

రఘురాం
పనికిరాదనలేదు. ఒక మందు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి కోతి చాలు, పొద్దున్నే ఎంత పొడి వేసుకోవాలో చెప్పడానికి చాలదు. పైగా సహజంగా మెనోపాజ్ దాకా బతికిన మకాక్‌లు దొరకడమే కష్టం, ఒక్కో గుంపులో నాలుగైదు ఉంటే గొప్ప.

వనజ
సరే, అయితే ఏం చూపిస్తే ఒప్పుకుంటారో అదైనా చెప్పండి.

చింతామణి
ఎముక ఫలితం పక్కనే, అవే కోతుల గర్భాశయం లోపొర మందం, రొమ్ము కణాల విభజన అంకెలు. మోతాదు వారీగా.