మీథేన్ "నిషిద్ధ రేఖలు": ఆ విశేషణం ఉంచాలా, మార్చాలా?

ప్రశ్న: నేను సరిచూస్తున్న ఒక భౌతికశాస్త్ర అనువాదంలో "మీథేన్‌కు శుద్ధ భ్రమణ వర్ణపటం నిషిద్ధం" అని ఉంది (అణువు కేవలం తిరగడం వల్ల శోషించే, వెలువరించే కాంతి రేఖల సముదాయమే శుద్ధ భ్రమణ వర్ణపటం). తరువాతి పేరాలోనేమో "శని ఉపగ్రహమైన టైటన్ వాతావరణంలో మీథేన్ భ్రమణ రేఖలను దూర పరారుణంలో గుర్తించారు" అని ఉంది. నిషిద్ధమైనది కనబడటం వ్యాహతం (తనకు తానే విరుద్ధం) కాదా? "దుర్బల రేఖలు" అని మార్చవచ్చునా? "దూర పరారుణం" అన్నా దూరం నుంచి వచ్చేదన్న అర్థమే స్ఫురిస్తున్నది.

జవాబు: చిన్నదాన్ని ముందు తేల్చుకుందాం. పర, అరుణ కలిసి సవర్ణదీర్ఘంతో పరారుణమయింది. ఎరుపుకు ఆవలిది అని అర్థం. దూర, సమీప అన్నవి ఆ ఎరుపు నుంచి కొలిచిన దూరాలే తప్ప కిరణం బయలుదేరిన చోటికి సంబంధించినవి కావు. హిందీవారు "అవరక్త" అంటూ పౌనఃపున్యం తగ్గడాన్ని చూశారు, మనం తరంగదైర్ఘ్యం పెరగడాన్ని చూశాం. రెండూ సబబే. "సుదూర" అన్నంత మాత్రాన స్పష్టత పెరగదు కనుక "దూర" చాలు.

"నిషిద్ధ" విషయంలో మాత్రం మార్పు వద్దంటాను. మన వ్యాకరణంలో ఒక కార్యాన్ని నిషేధించే సూత్రం, ఏ నిమిత్తం ఉన్నప్పుడు ఆ నిషేధం వర్తిస్తుందో కూడా చెబుతుంది. నిమిత్తం తొలగితే నిషేధమూ తొలగుతుంది, దాన్ని ఎవరూ వ్యాహతం అనరు. ఇక్కడ జరిగినదీ అదే. అణువు తన భ్రమణం వల్ల కాంతిని శోషించాలన్నా, వెలువరించాలన్నా దానికి శాశ్వత ద్విధ్రువ భ్రామకం, అంటే ధన, ఋణ ఆవేశాల కేంద్రాలు వేరువేరు చోట్ల ఉండటం వల్ల కలిగే గుణం, ఉండాలి. మీథేన్‌లో నాలుగు హైడ్రోజన్లు కార్బన్ చుట్టూ చతుర్ముఖి శీర్షాల వద్ద సమంగా అమరి ఉంటాయి కాబట్టి ఆవేశాల అసమానతలు ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. అందుకే నిషేధం. అయితే ఆ నిషేధానికి నిమిత్తం అణువు దృఢంగా, ఆకారం చెడకుండా ఉండటం. ఏదో ఒక కార్బన్-హైడ్రోజన్ బంధం అక్షంగా అణువు వేగంగా తిరిగితే, మిగిలిన మూడు హైడ్రోజన్లు అపకేంద్ర ప్రభావంతో కొద్దిగా వెలుపలికి జరుగుతాయి, సౌష్ఠవం రవ్వంత చెదురుతుంది, ఆ మేరకు ద్విధ్రువ భ్రామకం పుడుతుంది. నీటి అణువుకు 1.85 డిబైలు (డిబై ద్విధ్రువ భ్రామకానికి కొలమానం) ఉండగా, ఇలా పుట్టినది డిబైలో పది లక్షల వంతుల లెక్కన చెప్పవలసినంత స్వల్పం. 1971లో వాట్సన్, ఫాక్స్ సిద్ధాంతపరంగా ఈ సంగతి చూపారు. ఓజియర్ తదితరులు ఆ దరిదాపుల్లోనే దానిని ప్రయోగశాలలో నిరూపించారు. ఆ రేఖలు ఎంత బలహీనమైనవంటే, 2010లో ప్రచురితమైన కొలతల కోసం ఫ్రాన్స్‌లో తీవ్రమైన కాంతిని పుట్టించే సోలెయ్ సింక్రోట్రాన్ అనే యంత్రం వద్ద కాంతిని వాయుపాత్రలోని అద్దాల మధ్య అటూ ఇటూ తిప్పి సుమారు 150 మీటర్ల దారి నడిపించవలసి వచ్చింది.

"దుర్బల" అంటే ఈ కథంతా పోతుంది, ఫలితం ఒక్కటే మిగులుతుంది. రేఖ దుర్బలం కావడానికి వాయువు తక్కువగా ఉండటం కూడా కారణం కావచ్చు కదా! గ్రహ వాతావరణాలను చదివేవారికి ఈ తేడాయే ప్రాణం.

మరొక సభ్యురాలు: మీ వివరణ బాగుంది గాని, "నిషిద్ధం" అనగానే తెలుగు చెవికి శాస్త్రం కాదన్న పనో, అడుగుపెట్టరాని చోటో స్ఫురిస్తుంది. "నియమాతీత రేఖలు" అంటే మేలు కాదా? ఆ రేఖలతో అంత అవసరం ఏమిటో కూడా చెప్పగలరా?

జవాబు: అవసరం ముందు చెబుతాను, మాట సంగతి దానిలోనే తేలుతుంది. టైటన్ ఉపరితలం సుమారు 94 కెల్విన్ల చలిలో ఉంటుంది. అంత చల్లని వస్తువు వెలువరించే ఉష్ణవికిరణం 30 మైక్రాన్ల దగ్గర గరిష్ఠమవుతుంది, మీథేన్ భ్రమణ రేఖలు ఇంకా ఆవల, 100 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటాయి. మీథేన్ కంపనాల వల్ల 7.7 మైక్రాన్ల వద్ద కలిగే పట్టీ బలమైనదే, కాని అక్కడి ప్రకాశం వాయువు పరిమాణంతో పాటు ఉష్ణోగ్రతకు కూడా తీవ్రంగా స్పందిస్తుంది. వాయువు ఎక్కువా, వేడి ఎక్కువా అన్నది ఆ ఒక్క పట్టీతో తేలదు. దూర పరారుణ రేఖలపై ఉష్ణోగ్రత ప్రభావం అంతకంటె చాలా తక్కువ. అందువల్ల రెండింటినీ కలిపి సాధిస్తే రెండు అజ్ఞాత రాశులూ విడివడతాయి. 2004 నుంచి 2017 వరకు శని చుట్టూ తిరిగిన కాసిని నౌకలోని పరారుణ వర్ణపటమాపకం ఈ రెండు ప్రాంతాలనూ చూడగలిగింది. ఆ దత్తాంశం ఆధారంగా 2014లో వెలువడిన అధ్యయనం టైటన్ స్ట్రాటో ఆవరణంలో మీథేన్ పాలు అక్షాంశాన్ని బట్టి సుమారు 1 శాతం నుంచి 1.5 శాతం దాకా మారుతున్నదని చెప్పింది. 2005 జనవరి 14న హైగెన్స్ శోధకం టైటన్‌పై దిగుతూ కొలిచిన విలువ 1.48 శాతం. ఒక్క చోట దిగిన పరికరం మొత్తం గోళానికి సాక్ష్యం చెప్పలేదని దీనివల్ల తెలిసింది.

ఇక "నియమాతీత". టైటన్ దూర పరారుణ వర్ణపటంలో ఈ సన్నని రేఖల కింద విశాలమైన మరొక శోషణ ఉంది. నైట్రోజన్, మీథేన్ అణువులు ఢీకొన్న క్షణంలో ఒకదాని ప్రభావం వల్ల మరొకదానిలో తాత్కాలికంగా పుట్టే ద్విధ్రువం దానికి మూలం. "నియమాతీత" అంటే ఇదీ అందులో పడిపోతుంది. దీన్ని "అభిఘాత ప్రేరిత శోషణ" అనే విడిగా ఉంచాలి. పైగా భ్రమణ రేఖలు నియమానికి అతీతం కూడా కావు, దృఢాణువును ఊహించి చెప్పిన తొలి నియమాన్ని దాటాయంతే.

కాబట్టి ఆ అనువాదకునికి నేను సూచించే వాక్యం ఇది: "మీథేన్ అణువు దృఢమైనదని భావించినంతవరకు దాని శుద్ధ భ్రమణ వర్ణపటం నిషిద్ధం, భ్రమణం వల్ల అణువు ఆకారం స్వల్పంగా చెదరడంతో అతి దుర్బలమైన రేఖలు దూర పరారుణంలో కనబడతాయి." ఇలా రాస్తే "దుర్బల"కు కూడా దాని చోటు దక్కుతుంది.