ఏటీవీ వెనక మొద్దులు లాగే బండి: ఎవరైనా సొంతంగా చేయించారా?

చెలక_దేవరకొండ
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. గుట్ట వాలున నాలుగెకరాల జామాయిల్ ఉంది. మొన్నటి గాలిదుమారానికి ముప్పై నలభై చెట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ట్రాక్టర్ లోపలికి పోదు. మధ్యలో ఒర్రె, అటూ ఇటూ బండలు. మనుషులతో మోయిద్దామంటే కట్టె అమ్మితే వచ్చేదంతా కూలికే సరిపోయేలా ఉంది.

రెండేళ్ల కింద ఒక రిసార్టువాళ్లు తీసేస్తుంటే పాత 250 సీసీ ఏటీవీ (బైకులాంటి హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండి) కొన్నాను. ఇన్నాళ్లూ దాని మీద మందు డ్రమ్ము, ఎరువు బస్తాలు తప్ప ఏమీ వేయలేదు. పోయిన ఆదివారం వెనక మోకు కట్టి ఒక మొద్దు లాగి చూశాను. పది గజాలు బాగానే వచ్చింది. తర్వాత మొద్దు ముక్కు ఒక రాయికి తన్నుకుంది. నేను ఇంకొంచెం రేజ్ ఇచ్చాను. ముందు చక్రాలు రెండూ లేచి, హ్యాండిల్ వచ్చి నా ఛాతీకి ఆనింది. పక్కకు దూకాను కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను.

రెండు చక్రాల మీద కమానులాగా ఉండి, మొద్దు ముక్కును పైకెత్తి పట్టుకునే బండ్లు వీడియోల్లో చూశాను. మన దగ్గర దొరికే సామానుతో చేయించినవాళ్లుంటే చెప్పండి.

మిర్యాల_ట్రాక్టర్
మోకు ఎక్కడ కట్టినవ్ తమ్మీ?

చెలక_దేవరకొండ
వెనక క్యారియర్ పైపుకు అన్నా.

మిర్యాల_ట్రాక్టర్
అట్లయితే లేవక ఏం చేస్తుంది! ఇరుసు కన్నా పైనుంచి లాగితే ఏ బండయినా వెనక్కి తిరగబడాలనే చూస్తుంది. ట్రాక్టర్లు పల్టీ కొట్టేది కూడా ఇట్లనే. బురదలో దిగిన బండిని బయటికి లాగుదామని టాప్ లింక్ (వెనక పైన ఉండే కడ్డీ) దగ్గర గొలుసు తగిలిస్తారు, చక్రం పట్టు దొరకగానే మూతి ఆకాశానికి లేస్తుంది. కొక్కెం ఇరుసు కన్నా కిందనే ఉండాలె. నీ బండికి వెనక చైన్ పక్కన, స్వింగ్ ఆర్మ్ (వెనక ఇరుసును పట్టుకునే చట్రం) అడుగున ప్లేటు ఉందేమో చూడు. లేకపోతే ముందు అది పెట్టించు, కమాను సంగతి తర్వాత.

డిపో_లెక్క
ముప్పై ఏళ్లు కలప డిపోలో లెక్కలు రాసినవాడిని. బండి చేయించే ముందు నీ మొద్దు బరువెంతో తేల్చుకో బాబూ. మా డిపోల్లో చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దాంతోనే గుణించి, పొడవుతో గుణిస్తాం. 36 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉంటే 5.6 ఘనపుటడుగులు వస్తుంది. కానీ అది అమ్మకం లెక్క, చెక్కడంలో పోయేదాన్ని ముందే తీసేసి కట్టేది. అసలు మొద్దు 7.2 దాకా ఉంటుంది. పచ్చి జామాయిల్ దాదాపు నీళ్లంత బరువు, అంటే ఘనపుటడుగుకు 28 కిలోలు. డిపో లెక్కతో కడితే 157 కిలోలు అనుకుంటావు, లాగేది మాత్రం 200 కిలోలు. కొన్నవాడికి లాభం, మోసినవాడికి నడుం నొప్పి అని మా హమాలీలు ఊరికే అనేవాళ్లు కాదు.

చెలక_దేవరకొండ
సార్, ఇది ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. నేను లాగబోయింది 42 అంగుళాల చుట్టుకొలత ఉంది, పన్నెండడుగులు!

డిపో_లెక్క
అయితే దాదాపు 330 కిలోలు ఉంటుంది. నీ ఏటీవీయే అంత ఉండదు. రెండు ముక్కలు చేసుకో.

చండూరు_వెల్డింగ్
ఇట్లాంటివి మూడు చేసిచ్చాను. ఒకటి పవర్ టిల్లర్‌కు, రెండు మినీ ట్రాక్టర్లకు. ఏటీవీకి చేయలేదు గానీ పని ఒక్కటే.

మొదట అందరూ చేసే తప్పు చెప్తాను. రెండు చక్రాల మధ్య ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే ఇరుసు వేస్తారు. అప్పుడు మొద్దు ముక్కు ఎక్కడికి లేవాలి? ఇరుసుకే తగులుతుంది. అందుకే కమాను. తిరగేసిన ‘యు’ ఆకారం, దాని రెండు కాళ్లకు విడివిడిగా పొట్టి ఇరుసులు, మధ్యంతా ఖాళీ. కమాను పైభాగం నుంచి గొలుసు వేలాడుతుంది, మొద్దు వచ్చి రెండు చక్రాల మధ్యలో కూర్చుంటుంది.

పైపు రెండంగుళాలది, కొంచెం మందం చూసి తీసుకోండి. పాత బోరు నుంచి తీసిన జీఐ పైపు ఇంట్లో పడి ఉంటుంది, అది వాడదామనిపిస్తుంది. వాడొచ్చు. కానీ అతికే చోట పై పూతను గ్రైండర్‌తో తెల్లగా గీకేయాలి. నేను కొత్తలో గీకకుండా, తలుపులు మూసిన షెడ్డులో రోజంతా వెల్డింగ్ చేశాను. రాత్రికి ఒణుకు, చలిజ్వరం, నోట్లో తియ్యటి లోహం రుచి. మలేరియా అనుకుని రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను. అది జింకు పొగ.

కమాను మూలల్లో తప్పకుండా మూడు మూలల ప్లేటు ముక్క వేయించండి. పైపు విరగదు, అతుకు పక్కనే చీలుతుంది. 6013 వెల్డింగ్ రాడ్డు చాలు, 7018 అయితే ఇంకా గట్టిది. కాకపోతే అది తేమ పడితే పనికిరాదు, వానాకాలం విప్పి పెట్టిన ప్యాకెట్టు అంటగట్టే షాపులుంటాయి.

చక్రాల మాటకొస్తే ఆటోవి, 8 అంగుళాల రిమ్ము, వద్దు. ప్రతి రాయికీ తట్టుకుంటాయి. పాత మారుతి 800 చక్రాలు 12 అంగుళాలవి, హబ్బుతో సహా దొరుకుతాయి. చక్రం ఎంత పెద్దదైతే రాయి అంత చిన్నది.

జడ్చర్ల_మాస్టారు
చక్రం పెద్దదైతే అన్న మాటకు మా తాత గుర్తొచ్చాడు. కచ్చురం (ఎడ్ల బండి) మీది తట్ట ఊడదీసి, ఒట్టి ఇరుసు, నొగ (ముందుకు ఉండే పొడుగు కర్ర), రెండు చక్రాలు మిగిల్చేవాడు. నొగను పైకి లేపి, మొద్దును ఇరుసుకు గొలుసుతో బిగించి, నొగను కిందికి దించేవాడు. దించుతుంటే మొద్దు దానంతట అదే లేచేది. నడుమెత్తు చక్రాలు కాబట్టి ఇరుసు కింద కావలసినంత చోటుండేది. ఇప్పుడు మీరు కమాను అంటున్నది అదే పని చిన్న చక్రాలతో చేయడానికి.

కొల్లాపూర్_మామిడి
మాస్టారు చెప్పిన నొగ పద్ధతే నాది. పాత మామిడి చెట్లు తీసేసి కొత్త అంట్లు పెడుతున్నాం, మొదళ్లు లాగడానికి చేయించాను. కప్పీ లేదు, వించ్ లేదు. నొగ పైకి, గొలుసు కొక్కేనికి, నొగ కిందికి. ఐదడుగుల నొగ, ఇరుసు నుంచి కొక్కెం దాకా పది అంగుళాల చెయ్యి, అంటే ఆరింట ఒక వంతు బలం చాలు. ఆడమనిషిని, నేనొక్కదాన్నే ఎత్తుతున్నాను.

కానీ గడ్డం కింద ఐదు కుట్లు కూడా దాని పుణ్యమే. నొగ సగం దించాక గొలుసు బెరడు మీద జారింది. నొగ ఎగిరి వచ్చి దవడ కింద తగిలింది. కళ్ల ముందు చుక్కలు అంటారు చూడండి, అవి నిజంగానే కనపడతాయి. ఇప్పుడు రెండు జాగ్రత్తలు. మొద్దుకు గొలుసు రెండు చుట్లు. నొగకు ఎదురుగా కాదు, పక్కన నిలబడి దించడం.

ఇంకొకటి, మొదటిసారి మేస్త్రీ తప్పు చేశాడు. నొగ పూర్తిగా దిగినప్పుడు కొక్కెం ఇరుసుకు రెండంగుళాలు ముందుకు దాటి ఉండాలి. దాటితే బరువు నొగను కిందికే నొక్కుతుంది. మాది వెనకే ఆగింది, అందుకే నొగ ఎప్పుడూ పైకి ఎగరాలని చూసేది.

చెలక_దేవరకొండ
అక్కా, ఈ రెండంగుళాల మాట కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

రైడర్_247
బ్రో, మొద్దు తోక కింద కూడా చిన్న చక్రాలు పెట్టేయ్. నేల మీద రాసుకోదు, ఏటీవీకి లోడ్ పడదు. ఈజీ.

మిర్యాల_ట్రాక్టర్
గుట్ట వాలు అన్నడు కదా, చదివినవా?

హాలియా_రైతు
నా సలహా ఎవరికీ నచ్చదు. జత ఎడ్లు కిరాయికి మాట్లాడుకో. ఎద్దు రాయి చూసి అడుగేస్తుంది, పెట్రోల్ తాగదు, పల్టీ కొట్టదు. ఎడ్లు దొరకట్లేదంటే చెప్పు, మా పక్క ఇంకా నాలుగు జతలున్నాయి.

మరొక మాట. తోట గట్టు మీద టేకు ఉంటే జామాయిల్‌తో కలిపి కొట్టేసి రోడ్డెక్కించకు. పర్మిట్ అడుగుతారు. 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, సొంత పొలమైనా చెట్టు కొట్టేముందు ఒకసారి ఫారెస్టు రేంజి ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

చెలక_దేవరకొండ
మూడు వారాలయింది. చేయించాను.

రెండంగుళాల పైపు కమాను, పాత మారుతి చక్రాలు, ఐదున్నర అడుగుల నొగ. కొక్కెం ఇరుసు దాటి రెండంగుళాలు ముందుకు, దగ్గర నిలబడి టేపు పట్టి చూశాను. ఏటీవీకి అడుగున 10 ఎంఎం ప్లేటు వెల్డ్ చేయించి దానికే బోల్టు. అన్నీ కలిపి పదకొండు వేలు అయింది. అందులో రెండు వేలు ఒకసారి తప్పు కోసిన పైపుకు.

మొదటి రోజు తుమ్మ ముళ్లతోనే సరిపోయింది. గట్టు పొడుగునా సర్కారు తుమ్మ ఉంది, రెండు చక్రాలూ పంక్చర్. పంక్చర్ వేసే అబ్బాయి పాత ట్యూబును చీల్చి, కొత్త ట్యూబుకూ టైరుకూ మధ్య పొరలాగా వేసిచ్చాడు. మళ్లీ కాలేదు.

ఇక అసలు సంగతి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, రైడర్ తమ్ముడు చెప్పిన తోక చక్రాలు నేను పెట్టాను. ఎరువుల షాపులో బస్తాలు తోసే ట్రాలీ చక్రాలు అడిగి తెచ్చి, పలక మీద బిగించి, మొద్దు తోక కింద కట్టాను. చదునులో వేలితో తోస్తే కదిలింది. అబ్బ అనుకున్నాను. వాలులోకి దిగాక మొద్దే నన్ను తోలడం మొదలుపెట్టింది. ఈ బండికి ఆటోమేటిక్ క్లచ్, రేజ్ తగ్గగానే వదిలేస్తుంది, ఇంజన్ పట్టి ఆపదు. బ్రేకు నొక్కితే వెనక చక్రాలు దుబ్బలో జారుతున్నాయి, నొగ పక్కకు మడుచుకుంటోంది, మొద్దు ముక్కు ఊగి వచ్చి సీటు వెనక దబ్బున గుద్దింది. ఒక కంపలోకి తిప్పి ఆపాను. మోకాళ్లు వణకడం ఆగాక కిందికి దిగి చూస్తే తోక చక్రాల్లో ఒకటి ఇంకా తిరుగుతోంది.

అక్కడే వాటిని పీకేసి అదే మొద్దును తోక నేల మీద ఈడ్చుకుంటూ దించాను. గుర్రుగుర్రుమని నేలను గీసుకుంటూ వచ్చింది. ఆ గీసుకోవడమే నా బ్రేకు. తనకంటూ బ్రేకు లేని బండిని ఏటీవీ వెనక కట్టుకున్నప్పుడు, మొద్దు తోకే దాని బ్రేకు అని అప్పుడు అర్థమైంది. ఎక్కేటప్పుడు కష్టపెట్టే బరువే దిగేటప్పుడు పట్టుకుంటుంది. ముక్కు ఊగకుండా కమాను అడ్డకమ్మీకి పక్కనుంచి బెల్టు కూడా బిగించాను.

రైడర్_247
సారీ అన్నా. చదునులోనే చూశాను నేను.

చెలక_దేవరకొండ
పర్వాలేదు తమ్ముడూ, కట్టింది నేనే కదా.

కొల్లాపూర్_మామిడి
రోజూ ఒకే దారిన లాగకు. తోక గీసిన చారలో వాననీళ్లు పారి ఒక్క వానకే కాలువ పడుతుంది. మా తోటలో పడింది, రెండు ట్రాక్టర్ల మట్టి పోశాం. కొట్టిన కొమ్మలు చారకు అడ్డంగా వేస్తూ పో.

చెలక_దేవరకొండ
వేస్తాను అక్కా. ఇరవై ఆరు మొద్దులు దిగాయి. ఒర్రె అవతల ఇంకా ఏడు చెట్లున్నాయి. అక్కడికి ఏటీవీ దిగదు. ఇటు గట్టున కప్పీ కట్టి, ఏటీవీని గట్టు వెంబడి నడిపి లాగుదామనుకుంటున్నాను. మా ఇంట్లో మోట కాలంనాటి గిలక ఉంది, పనికొస్తుందా?

చండూరు_వెల్డింగ్
దాన్ని గోడకు వేలాడదీసుకో, అందంగా ఉంటుంది. బోరు మోటార్లు దించేవాళ్ల దగ్గర ఇనప కప్పీ ఉంటుంది, ఒక రోజుకు అడిగి తెచ్చుకో. లాగేటప్పుడు తాడు మడత పడే మూల లోపల ఎవరినీ నిలబడనీయకు.