సమస్య: పాడనట్టి వారె పాటగాండ్రు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య, అంటే ఇచ్చిన పాదం, ఆటవెలది పద్యంలో నాలుగోది. దానికి పై మూడు పాదాలు రాయడమే పూరణ. పాడ, నట్టి, వారె, పాట, గాండ్రు: ఐదూ గలాలే (గురువు తర్వాత లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, పా, పా. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (గలం గాని మూడు లఘువులు గాని), రెండు ఇంద్రగణాలు (అంతకన్నా పెద్దవి, మూడు నాలుగు అక్షరాలవి). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలు. ప్రాసయతి (ఆ మొదటి అక్షరాల బదులు వాటి పక్క రెండో అక్షరాలు కలవడం) వాడుకోవచ్చు. సంగీతోత్సవం, సినిమా, రంగస్థలం ఏదైనా సరే. "పాడనివాడు గాయకుడెలా అయ్యాడు" అన్న చిక్కు మాత్రం పద్యంలోనే విడాలి. కింద వివరణ రాస్తే గాని అర్థం కానిది పూరణ కాదు.

తెరచాటు:
తెరను పెదవి కదుపు తీరైన నాయకు
లెదుట నిలువ జనుల కేమి దెలియు?
మరుగు నుండి పాడు మనిషిని మరతురు
పాడనట్టి వారె పాటగాండ్రు

గణపరీక్ష: నడక బాగుంది. రెండో పాదంలో లె, కే చూసి యతి తప్పిందనుకునేవారు ఉంటారు. నాయకులు + ఎదుట, జనులకు + ఏమి. సంధిలో కలిసిన అచ్చులకు, అంటే ఎ, ఏ లకు యతి. తప్పేమీ లేదు.

మంద్రస్థాయి: ఛందస్సు సరే, విషయం నిలవదు. తెలుగు ప్రేక్షకుడు తెర వెనక గొంతును మరిచాడా? 1974లో పోయిన ఘంటసాల పేరు ఈనాటికీ పాట మొదలవగానే వస్తుంది. రామారావుకు ఒక తీరు, నాగేశ్వరరావుకు ఒక తీరు అని పోల్చి చెప్పగల శ్రోతలు ఊరూరా ఉన్నారు. నిజంగా మరుగున పడ్డవాళ్లు కోరస్ వాళ్లు, వాద్యకారులు. వాళ్ల గురించి పద్యంలో మాట లేదు.

నిర్వాహకుడు: ఆక్షేపణ సబబే. రెండు మాటలు మారిస్తే పద్యం బతుకుతుంది. రెండో పాదం "లెదుట నిలువ పాప కేమి దెలియు", మూడోది "మరుగు నుండి పాడు మనిషిని చూడదు". పసిబిడ్డ కళ్లతో చూస్తే చిక్కు సహజంగా విడుతుంది, శ్రోతల మీద నింద ఉండదు. పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణలో దాన్ని వినిపిస్తూ నటుడి చేత పెదవులు కదిలిస్తారు. సెకనుకు 24 ఫ్రేముల్లో నాలుగైదు జారినా కంటికి తెలిసిపోతుంది. అది కుదిరినంతసేపూ పాపకు ఆ నటుడే పాటగాడు.

వెనకవరుస: తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధన మీద నాది.
ఐదు కీర్తనలను అందరు పాడగా
పుస్తకమ్ము చూచి పెదవి కదుపు
చివరి వరుసలోన చెవియొగ్గి కూర్చున్న
పాడనట్టి వారె పాటగాండ్రు

గణపరీక్ష: రెండు దోషాలు. "కీర్తనలను అందరు" విసంధి. పద్యం నడుమ అచ్చును అలా విడిగా నిలపకూడదు. రెండో పాదంలో పు, పె యతి చెల్లదు. హల్లు ఒకటే అయినా ఉ, ఎ లకు మైత్రి లేదు. ఇలా దిద్దుకోవచ్చు:
ఐదు కీర్తనమ్ము లందరు పాడగా
పెదవు లాడు గొంతు విప్పకుండ
ఐ, అ లకు మైత్రి ఉంది. పె, వి కూడా కుదురుతాయి: ప ఫ బ భ వ ఒక జట్టు, ఎ ఇ ఒక జట్టు. పుస్తకం పోయింది గాని పోల్చుకోదగ్గ దృశ్యం మిగిలింది.

మంద్రస్థాయి: ఈ పూరణలో సరుకుంది. పుష్య బహుళ పంచమినాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కీర్తనలను ఆదితాళంలో గోష్ఠిగా, అంటే అందరూ కలిసి, పాడతారు. గొంతు విప్పకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. మగవారికి ఒకటి, ఒకటిన్నర శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది). ఆడవారికి ఐదు, ఐదున్నర. అందరికీ ఒకే శ్రుతి పెడితే ఎవరో ఒకరు తారస్థాయిలో అరవాలి, లేదా మంద్రంలో గొణగాలి. గొణిగేవాళ్లే పెదవులతో సరిపెడతారు.
తాళం మాటా ఉంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. అతను విన్నదానికి సరిగ్గా చప్పట్లు వేసినా, అది ముందువాళ్లకు ఇంకో పదోవంతు ఆలస్యంగా వినిపిస్తుంది. వాళ్లు దానికి లొంగితే కాలం ఈడ్చుకుపోతుంది. కాబట్టి వెనక కూర్చుని మాట్లాడకుండా వినేవాడు గోష్ఠికి సాయమే చేస్తున్నాడు. నా దృష్టిలో చెవియొగ్గడం అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం.

పందిరిగుంజ:
మైకు చేతబట్టి మైమరపించిరి
ట్రాకు పాట మ్రోగ రాగ మొలికె
దీప మారి పోవ దీనులై నిలిచిరి
పాడనట్టి వారె పాటగాండ్రు

గణపరీక్ష: ట్రా, రా సంయుక్తాక్షర యతి (ట్రాలో ఉన్న ర తో) చెల్లుతుంది. ఇంగ్లీషు మాట పద్యంలో ఇంత హాయిగా ఇమడటం అరుదు. ఒలికె, మరపించిరి, నిలిచిరి అంటూ క్రియలు ముక్కలు ముక్కలుగా ఉన్నా వ్యంగ్యానికి ఆ తెగింపు నప్పింది.

శ్రుతిపెట్టె: మూడో పాదంలో సాక్ష్యం చాలదండీ. కరెంటు పోతే నిజంగా పాడేవాడి మైకూ ఆగుతుంది. పందిట్లో వెనకవాళ్లకు అతనూ వినపడడు. దొంగ దొరకాలంటే ఆగాల్సింది ట్రాకు (ముందే రికార్డు చేసిన పాట) ఒక్కటే: "నడుమ ట్రాకు నిలువ నవ్వులే మిగిలెను". గుర్తుపట్టే పద్ధతి ఇంకోటుంది. మైకు నోటికి దగ్గరైనా దూరమైనా గొంతు ఒకే మోతాదులో వస్తుంటే అది రికార్డే. వాద్యాలు మాత్రమే ఉన్న మైనస్ ట్రాకు మీద పాడేవాళ్లను ఇందులో కలపకూడదు, వాళ్లు పాడుతున్నారు. ఉత్సవానికి డబ్బు చాలనప్పుడు అది తప్పూ కాదు. గొంతు కూడా ఉన్న ట్రాకుతోనే పేచీ.

మెట్లవీణ:
నోట మాట లేదు నూరు రాగమ్ముల
వ్రేలి కొనల మీట వీణ పలికె
గమక మెరిగినట్టి ఘనుల సన్నిధిలోన
పాడనట్టి వారె పాటగాండ్రు

మంద్రస్థాయి: ఎవరినీ తిట్టకుండా చిక్కు విప్పింది ఇదొక్కటే. వీణకు 24 మెట్లు, నాలుగు వాయింపు తంత్రులు, మూడు తాళం తంత్రులు. మెట్టు మీద తంత్రిని పక్కకు లాగితే గమకం (స్వరాన్ని ఊపడం). గాయకి పద్ధతిలో, అంటే గొంతు పాడినట్టే వాయించే తీరులో, సాహిత్యంలో అక్షరం పడ్డచోటే మీటుతారు. నడుమ స్వరాలన్నీ ఆ ఒక్క మీటు నాదం మీదే లాగాలి. అందుకే కృతి తెలిసిన శ్రోతకు మాటలు వినిపిస్తాయి. ప్రతి స్వరానికీ మీటితే వేగం కనిపిస్తుంది గాని పాట చచ్చిపోతుంది. వైణికులు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వాయించినవి వింటే ఈ తేడా తెలుస్తుంది. లోపమల్లా ఒక్కటే: "నోట మాట లేదు", "పాడనట్టి" ఒకే సంగతి రెండుసార్లు.

మెట్లవీణ: మొదటి పాదం "నోరు కదప కుండ నూరు రాగమ్ముల" అంటే?

గణపరీక్ష: గణాలు, యతి సరే. పునరుక్తి అలాగే ఉంది. కచేరీ చోటు చెప్పండి, లేదా తంత్రుల సంగతి చెప్పండి.

నిర్వాహకుడు: మెట్లవీణ గారి పూరణకు మొదటి స్థానం, సవరణ వచ్చాక. దిద్దిన రూపంలో వెనకవరుస గారిది రెండోది. వచ్చేవారానికి హాస్యం మీద తేటగీతి పాదం: "నవ్వు లేనట్టి హాస్యమే నచ్చె సభకు". ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి న, న. మూకాభినయం అందరికీ మొదట తడుతుంది కాబట్టి ఆ దారి వదిలి రాయండి.